వారసత్వంగా వచ్చిన పాత పియానో ఉంచుకోదగ్గదేనా: పది వారాల పని డైరీ

మా మేనత్త నలభై ఏళ్లకు పైగా వాయించిన నిలువు పియానో ఇప్పుడు నా దగ్గర ఉంది. దీన్ని ఉంచుకోవాలా, విప్పి విడిభాగాలుగా వదులుకోవాలా అన్నది తేల్చడానికి పది వారాలు, 53 గంటల పని పట్టింది. అందులో మొదటి 9 గంటలు వృథాగా పోయాయి. ఇలాంటి వాద్యం చేతికొచ్చిన మరొకరు ఆ 9 గంటలు పోగొట్టుకోకూడదని కొలతలు, తప్పులు, వాటి వల్ల మార్చుకున్న పద్ధతులు ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా వాద్యం వివరాలు. 88 మెట్లు ఉన్నాయి. ఫ్రేము మీద పోసిన తయారీ సంఖ్యను బట్టి ఇది 1926 నాటిది. పోత ఇనుప ఫ్రేము పూర్తి ఎత్తున ఉంది, మంద్ర స్థాయి తీగలు మిగతా తీగల మీదుగా ఏటవాలుగా పోతాయి, తీగల మోతను ఆపే డ్యాంపర్లు తీగలను కొట్టే హ్యామర్లకు కింద ఉన్నాయి. ఈ మూడూ మంచి సూచనలే. ఫ్రేము సగం ఎత్తులోనే ఆగిపోయి, తీగలన్నీ ఒకదాని పక్కన ఒకటి నిలువుగా ఉండి, డ్యాంపర్లు హ్యామర్ల పైన కమ్మీల పంజరంలాగా కనిపించే పాత రకం అయి ఉంటే నేను రెండో దశతోనే ఆపేసేవాణ్ణి.

మంద్ర స్థాయిలో 10 మెట్లకు ఒక్కొక్క తీగ, 18 మెట్లకు జంట తీగలు, మిగిలిన 60 మెట్లకు మూడేసి తీగలు ఉన్నాయి. అంటే 10 + 36 + 180, మొత్తం 226. వీణకు ఉన్నట్టే ఇక్కడా ప్రతి తీగకూ ఒక బిరడా ఉంటుంది. అయితే ఇది సుమారు 7 మిల్లీమీటర్ల మందమున్న ఉక్కు బిరడా, పిన్‌బ్లాక్ అనే గట్టి చెక్కలోకి దిగి, ఆ చెక్క పట్టు మీదే నిలబడుతుంది. ఒక్కో తీగ లాగుడు సగటున 75 కిలోలు అనుకుంటే మొత్తం దాదాపు 17 టన్నులు. ఈ పియానో మంచిదా కాదా అన్న ప్రశ్నకు అసలు రూపం ఏమిటంటే, ఆ 17 టన్నులను ఆ చెక్క ఇంకా పట్టి ఉంచగలదా అన్నదే. ఈ సంగతి నాకు మూడో దశలో గాని తలకెక్కలేదు.

మొదటి దశ: శుభ్రం చేయడంతో మొదలుపెట్టడం

నేను మొదట చేసిన పని మెట్లు తుడవడం, చెక్కకు మెరుగు పెట్టడం, ఇత్తడి పెడళ్లు తోమడం. తెల్ల మెట్ల మీద ఉన్నవి ఏనుగు దంతపు పలకలు. పలక రెండు ముక్కలుగా ఉండి, నల్ల మెట్టు మొదలయ్యే చోట సన్నని అతుకు గీత కనిపిస్తే అది దంతం, అతుకు లేని ఒకే పలక అయితే చాలావరకు సెల్యులాయిడ్. ఇది తెలియక తడి గుడ్డతో రుద్దాను. దంతపు పలకలను అతికించిన జంతు బంక నీటికి మెత్తబడుతుంది, దంతం తడిస్తే వంకర పోతుంది. మరునాటికి రెండు పలకలు ఊడి చేతికొచ్చాయి, వాటిలో ఒకటి పడవలాగా వంగింది. ఆ తరువాత నుంచి పొడి మెత్తని గుడ్డనే వాడుతున్నాను. మరీ జిడ్డుగా ఉన్న చోట మాత్రం పిండేసిన గుడ్డతో ఒక్కసారి తుడిచి, వెంటనే ఆరబెడుతున్నాను.

దంతం గురించి ఇంకొక మాట. ఆఫ్రికా ఏనుగును 1989లో అంతర్జాతీయ వాణిజ్య నిషేధ జాబితాలో చేర్చారు. కాబట్టి ఇలాంటి మెట్లున్న వాద్యాన్ని సరిహద్దులు దాటించాలంటే పత్రాలు అవసరమవుతాయి. ఉంచుకోవడం లేదు, పంపించేద్దాం అనుకునేవారు ముందే చూసుకోవలసిన విషయం ఇది.

ఇప్పటివరకు: 9 గంటలు. తేలిన విషయాలు: ఏమీ లేవు.

రెండో దశ: బాగుచేయడం కుదరని లోపాల కోసం వెతకడం

ఇక్కడ క్రమాన్ని తలకిందులు చేశాను. బాగుచేయలేని లోపాలు ముందు, కష్టం మీద బాగయ్యేవి తరువాత, సులువుగా బాగయ్యేవి చివర. కావలసినవి ఒక టార్చి, చిన్న అద్దం, మందం కొలిచే సన్నని ఉక్కు రేకుల కట్ట, పెన్సిలు.

1. పై మూత తెరిచి, ముందు పలకకు రెండు పక్కలా ఉన్న గొళ్లాలు తిప్పి, పలకను పైకెత్తి తీశాను.
2. మెట్ల కింది స్ప్రింగును పైకి నొక్కి కింది పలకను తీశాను. దాన్ని గోడకు ఆనించి పెట్టాను, లోపలి వైపు గోడకు ఉండేలా. ఇది పొరపాటని ఆరో దశలో తెలిసింది.
3. ముగ్గురం కలిసి పియానోను గోడ నుంచి రెండడుగులు ముందుకు జరిపాము. బరువంతా వెనక ఉన్న ఇనుములో ఉంటుంది కనుక ఇది వెనక్కి పడే వస్తువు. ఒక మనిషి వెనక నిలబడి ఆపుతాను అనుకోవడం ప్రమాదం, అందరూ పక్కలనే ఉండాలి.
4. ఫ్రేము అడ్డకమ్ములు, మరల చుట్టూ ఉన్న భాగం, పై అంచు టార్చిని పక్కవాటుగా పట్టి చూశాను.
5. వెనక పై భాగంలో, పిన్‌బ్లాక్‌కూ వెనక దూలాలకూ మధ్య ఉన్న అతుకులోకి రేకులు దూర్చి చూశాను.
6. వెనక నుంచి సౌండ్‌బోర్డు (తీగల నాదాన్ని పెద్దది చేసే చెక్క పలక) మీద పిడికిలితో మెల్లగా గుద్దుతూ, దానికి అతికిన అడ్డపట్టీలు ఊడాయేమో విన్నాను.

నాలుగో అంచెలో మంద్ర స్థాయి కమ్మీ మీద 6 సెంటీమీటర్ల నల్ల గీత కనిపించింది. పోత ఇనుము పగిలితే ఇక చేయగలిగేది దాదాపు లేదు. గంటన్నర దాని చుట్టూనే తిరిగాను. చివరికి తెలిసింది ఏమిటంటే అది ఇనుములో పగులు కాదు, పైన పూసిన బంగారు రంగు పొరలో పగులు. గోటితో గీరితే కింద ఇనుము నునుపుగా ఉంది, గీత రెండు కొసలూ రంగుతోనే ఆగిపోయాయి. అయినా కొసల దగ్గర పెన్సిలుతో గుర్తులు పెట్టాను. బిగువు పెంచిన తరువాత గీత ఆ గుర్తులు దాటితే అది పగులే.

అయిదో అంచెలో ఎడమ పక్క అతుకులోకి 0.10 మిల్లీమీటర్ల రేకు 4 మిల్లీమీటర్ల లోతు వెళ్లి ఆగింది, 0.15 రేకు అసలు దూరలేదు. పిన్‌బ్లాక్ దూలాల నుంచి విడిపోతూ ఉంటే రేకు చాలా లోతుకు పోతుంది. నాలుగు మిల్లీమీటర్లంటే పైపొర చెక్క ఎండి ముడుచుకోవడమే అనుకున్నాను. కానీ అనుకోవడం చాలదు కనుక దీన్ని చివరి వరకు కొలుస్తూ ఉండాలని నిర్ణయించుకున్నాను.

సౌండ్‌బోర్డులో 31 సెంటీమీటర్లది ఒకటి, 18 సెంటీమీటర్లది ఒకటి, రెండు పగుళ్లు ఉన్నాయి. పగులు చూడగానే చాలామంది ఆశ వదులుకుంటారు. పగులు ఒక్కటే నాదాన్ని చంపదు. పగులు దాటిపోయే చోట అడ్డపట్టీ ఊడి, బోర్డూ పట్టీ ఒకదానికొకటి తగిలినప్పుడే రొద వస్తుంది. నా పియానోలో ఒక మెట్టు నొక్కినప్పుడు జుయ్యిమని రొద వచ్చేది, అడ్డపట్టీయే కారణమని తీర్మానించుకుని బంక కోసం బయలుదేరబోయాను. అంతలో అద్దం పెట్టి చూస్తే సౌండ్‌బోర్డుకూ అడుగు చట్రానికీ మధ్య బొటనవేలంత పెన్సిలు ముక్క ఇరుక్కుని ఉంది. అది తీశాక రొద పోయింది. రొద వినిపిస్తే ముందు లోపల పడిన వస్తువులను, వదులైన కీలు మేకులను, మూత మరలను చూసి, బోర్డు జోలికి చివర వెళ్లాలి.

ఇప్పటివరకు: 13 గంటలు. బాగుచేయలేని లోపాలు: 0. గమనించవలసినవి: 2 (రంగు గీత, అతుకు).

మూడో దశ: శ్రుతి ఎక్కడుందో కొలవడం

తేమ కొలిచే పరికరం ఆ గదిలో 68 శాతం చూపించింది. తేమ ఎక్కువైతే సౌండ్‌బోర్డు ఉబ్బి శ్రుతి పైకి పోతుంది, అంటే ఆ రోజు కొలిచి ఉంటే అసలు స్థితి కంటే మెరుగ్గా కనిపించేది. గదిని 50 నుంచి 55 శాతానికి తెచ్చి, పది రోజులు ఆగి కొలిచాను. ఈ ఆగడం చాలా ముఖ్యం.

ప్రతి మెట్టుకూ ఒక్క తీగనే పలకనిచ్చి, పక్క తీగలను రబ్బరు ముక్కతో ఆపి, ఫోనులోని శ్రుతి యాప్‌తో చూశాను. ఒక అర్ధస్వరానికి 100 సెంట్లు. 440 హెర్ట్జ్ ఉండవలసిన నడిమి 'ఏ' (A) స్వరం 422.6 దగ్గర ఉంది, అంటే 70 సెంట్లు దిగువన. మంద్ర స్థాయి 55 సెంట్లు, తార స్థాయి చివర 110 సెంట్లు దిగి ఉన్నాయి.

ఈ అంకెలు చూసి మొదట దిగులు పడ్డాను, అక్కరలేదని తరువాత తెలిసింది. తీగలన్నీ ఒకే తీరుగా దిగి ఉంటే అది పట్టించుకోకపోవడం వల్ల వచ్చిన స్థితి, జబ్బు కాదు. జబ్బు ఎక్కడ తెలుస్తుందంటే ఒకే మెట్టుకు చెందిన తీగల మధ్య తేడాలో. ఒకే వయసు, ఒకే బిగువు ఉన్న తోబుట్టువుల్లాంటి తీగల్లో ఒకటి మాత్రం బాగా దిగిపోతే దాని బిరడా పట్టు వదిలిందని అర్థం. అందుకని మళ్లీ మొదటి నుంచి, ఈసారి ప్రతి తీగనూ విడివిడిగా కొలిచాను. ఎక్కువ మెట్లలో తేడా 4 నుంచి 8 సెంట్లే ఉంది. 11 మెట్లలో మాత్రం ఒక తీగ మిగతావాటికి 30 సెంట్ల కంటే ఎక్కువ దూరంలో ఉంది. ఆ పదకొండులో 6 మంద్ర స్థాయి జంటలు, 5 అక్కడక్కడా చెదిరి ఉన్నవి.

ఈ దశ చివర, ఫలితాలు తెలియకముందే, నాలుగు షరతులు కాగితం మీద రాసి పెట్టుకున్నాను. "అత్తయ్య గుర్తుగా ఉంచుకుందాం, అంతగా ఆలోచించడం దేనికి" అని అక్క అన్నది. గుర్తుగా ఉంచుకోవడానికి ఆమె లయ చూసుకునే మెట్రోనోము చాలు. పలకని పియానో గదిలో చోటు తినే బీరువా అవుతుంది. దాన్ని నేర్చుకునే పిల్లలకు దానం చేయడం ఇంకా తప్పు, ఎందుకంటే శ్రుతి నిలవని వాద్యం మీద సాధన చేసిన పిల్లల చెవి ఆ తప్పునే స్వరం అనుకుంటుంది. నాకైనా, మరొకరికైనా ఈ షరతులే వర్తించాలి.

1. అతుకులో రేకు లోతు 4 మిల్లీమీటర్లు దాటకూడదు.
2. వదులైనవాటికి చికిత్స తరువాత 5 న్యూటన్ మీటర్ల (తిప్పడానికి పట్టే బలానికి కొలత) కంటే తక్కువ పట్టున్న బిరడాలు 11కు మించకూడదు, అంటే మొత్తంలో 5 శాతం.
3. శ్రుతి చేసిన ఆరు వారాలకు మధ్య స్థాయిలో ఏ పాత తీగా 8 సెంట్ల కంటే ఎక్కువ దిగకూడదు.
4. ఆ తరువాత మిగిలే పని 40 గంటలు దాటకూడదు.

ఇప్పటివరకు: 18 గంటలు.

నాలుగో దశ: బిరడాల పట్టు

పనిముట్లు: నక్షత్రపు ఆకారపు నోరున్న శ్రుతి లీవరు, అదే నోరు తగిలించిన టార్క్ రెంచి (తిప్పడానికి ఎంత బలం పట్టిందో ముల్లుతో చూపేది). ఈ నోరు దొరకకముందు మామూలు చతురపు సాకెట్‌తో ప్రయత్నించి రెండు బిరడాల అంచులు గుండ్రం చేశాను. బిరడా తల చతురమే అయినా పైకి పోనుపోను సన్నబడుతుంది, మామూలు సాకెట్ దాన్ని అంచు దగ్గరే పట్టుకుని జారుతుంది. సరైన నోరు లేకుండా బిరడాను ముట్టుకోవద్దు.

కొలతలో ఇంకొక పొరపాటు దొర్లింది. బిరడా కదలడం మొదలైన క్షణాన ముల్లు ఒక్కసారి పైకి లేచి, కదులుతున్నంతసేపు కొంత కిందికి వచ్చి నిలుస్తుంది. మొదటి 40 బిరడాలకు నేను ఆ పైకి లేచిన అంకె రాశాను, అవన్నీ గట్టిగా ఉన్నట్టు కనిపించాయి. పట్టు చెప్పేది కదులుతున్నప్పటి అంకె. ఆ 40 కొట్టేసి మళ్లీ కొలిచాను, అన్నిటినీ ఒకే దిశలో, ఒకే నెమ్మదితో, కొద్ది డిగ్రీలు మాత్రమే తిప్పుతూ.

ఫలితం:
10 న్యూటన్ మీటర్లు, ఆపైన: 61
7 నుంచి 10 లోపు: 108
5 నుంచి 7 లోపు: 38
5 కంటే తక్కువ: 19
మొత్తం: 226

బలహీనమైన 19లో 14 మంద్ర స్థాయిలో, ఎడమ కొసన ఒకే చోట గుంపుగా ఉన్నాయి. మిగిలిన 5 చెదిరి ఉన్నవి, అవి మూడో దశలో చెదిరి కనిపించిన అయిదు మెట్లవే. రెండు వేర్వేరు కొలతలు ఒకే చోటును చూపించాయి కనుక కొలత మీద నమ్మకం కుదిరింది. అయితే 14 బిరడాలంటే 7 జంటలు, మూడో దశలో దొరికినవి 6 జంటలే. ఏడో జంటలో రెండు తీగలూ కూడబలుక్కున్నట్టు సమానంగా దిగిపోయాయి, అందువల్ల వాటి మధ్య తేడా కనిపించలేదు. తేడా చూసే పద్ధతి ఒక్కదాన్నే నమ్ముకుంటే ఇలాంటివి తప్పించుకుంటాయి.

ఇప్పటివరకు: 25 గంటలు. బలహీన బిరడాలు: 19.

అయిదో దశ: శ్రుతి ఎక్కించడం, తెగిన తీగలు

మొదటి ప్రయత్నంలో నడిమి స్థాయిలో 13 మెట్లను మాత్రమే తిన్నగా 440కి ఎక్కించాను. మరునాటి పొద్దుటికి అవి 15 నుంచి 18 సెంట్లు దిగాయి. తీగల బిగువు పెరిగితే అవి ఆనే బ్రిడ్జి మీద భారం పెరిగి సౌండ్‌బోర్డు అణుగుతుంది, అలా అణిగినప్పుడు పక్క తీగలూ, అంతకుముందు చేసిన తీగలూ సడలుతాయి. ముక్కలుగా చేయడంలో అర్థం లేదు. మొత్తం పియానోను వేగంగా ఒకసారి, పెంచవలసిన సెంట్లకు దాదాపు అయిదో వంతు అదనంగా కలిపి ఎక్కించి, అది దిగాక రెండోసారి నెమ్మదిగా చేయాలి.

అలా మొత్తాన్ని 440 వైపు తీసుకెళ్తుండగా తార స్థాయిలో ఒక తీగ తెగింది. అక్కడ ఒకే తీగ కింది కొక్కెం చుట్టూ తిరిగి రెండు బిరడాలకు పోతుంది, కాబట్టి తెగింది ఒకటైనా పోయినవి రెండు. పావుగంటకు రాగి చుట్టు ఉన్న మంద్ర తీగ ఒకటి తెగింది. రెండూ వంపు తిరిగే చోట, తుప్పు పట్టిన చోట తెగాయి. కళ్లద్దాలు పెట్టుకోకుండా ఈ పని చేయకూడదు. తార స్థాయి తీగ కొస నా చెంపకు జానెడు దూరంలో నుంచి పోయింది.

ఆ తరువాత రెండు విషయాలు మార్చాను.

1. ఏ తీగనైనా ఎక్కించే ముందు కొద్దిగా దించాను. ఆనిన చోట్ల తుప్పు పట్టు టిక్కుమని విడుతుంది, ఆపైన ఎక్కిస్తే బిగువు తీగ పొడవునా సమంగా పరుచుకుంటుంది. ఇలా చేశాక ఒక్క తీగ కూడా తెగలేదు.
2. లక్ష్యాన్ని 440 నుంచి 435 హెర్ట్జ్‌కు తగ్గించాను.

రెండో దానికి లెక్క ఇది. బిగువు పౌనఃపున్యపు వర్గంతో పెరుగుతుంది. 422.6 నుంచి 440కి వెళ్లాలంటే బిగువు 8.4 శాతం పెరగాలి, 435కి అయితే 6 శాతమే. 435 నేను కల్పించిన అంకె కాదు, ఫ్రాన్స్ 1859లో చట్టబద్ధం చేసిన శ్రుతి అది. 440 మీద అంతర్జాతీయంగా ఒప్పందం కుదిరింది 1939లో, ఈ పియానో తయారైన తరువాత. ఇతర వాద్యాలతో కలిపి వాయించేవారికి ఈ 20 సెంట్ల తేడా ఒప్పదు, వారు 440కే వెళ్లాలి, అంతవరకు రాలేని పియానోను వారు ఉంచుకోకూడదు. మా ఇంట్లో ఇది ఒంటరిగా పలికే వాద్యం.

తార స్థాయికి మైక్రోమీటరుతో కొలిచి అదే మందం ఉన్న కొత్త తీగ వేశాను. మంద్ర తీగకు పాత రాగి చుట్టును అలాగే ఉంచి, పై భాగంలో కొత్త ఉక్కు తీగను ముడివేసి అతికాను. కొత్త తీగ వారాల తరబడి సాగుతూనే ఉంటుంది, కనుక ఈ మూడింటినీ లెక్కల్లోంచి తీసేశాను.

వారం తరువాత కొలతలు: మధ్య స్థాయి 6 నుంచి 9 సెంట్లు దిగింది, తార స్థాయి 12 వరకు, ఎడమ కొసన ఉన్న 14 మాత్రం 20 నుంచి 45 సెంట్లు. రంగు గీత గుర్తులు దాటలేదు. రేకు లోతు 4 మిల్లీమీటర్లే.

ఇప్పటివరకు: 36 గంటలు. తెగిన తీగలు: 2.

ఆరో దశ: వదులైన బిరడాలకు చికిత్స

చెక్క అడ్డంగా చీలిపోకుండా కేవలం ఎండి పట్టు వదిలి ఉంటే, నీళ్లలా పలచగా ఉండే సయనోఅక్రిలేట్ బంక రంధ్రం గోడల్లోకి ఇంకి పట్టు పెంచుతుంది. నేను 19 బిరడాలకు ఒక్కోదానికి నాలుగేసి చుక్కలు, పావుగంట విరామంతో మూడు సార్లు వేశాను. కిటికీలన్నీ తెరిచి, ముఖానికి మాస్కు పెట్టుకుని చేశాను, దాని ఆవిరి కళ్లను మండిస్తుంది.

ఇక్కడ జరిగిన ప్రమాదం గురించి వివరంగా చెప్పాలి. ఒక చుక్క ఫ్రేము మీదుగా కారితే జేబులోని నూలు గుడ్డతో ఒత్తాను. రెండు మూడు సెకన్లలో గుడ్డ వేళ్లు కాలేంత వేడెక్కి తెల్లటి పొగ వచ్చింది. నూలుకూ ఈ బంకకూ పడదు, కలిస్తే వేగంగా గట్టిపడుతూ వేడి పుడుతుంది. నూలు గుడ్డ, దూది దగ్గరలో ఉండకూడదు. కారే చోట ముందే ప్లాస్టిక్ కాగితం పరచాలి.

ఈ కారుడుకు భయపడి, గోడకు ఆనించి ఉన్న కింది పలకను పక్క గదికి మార్చబోయాను. దాని లోపలి వైపు నేను మొదటిసారి చూసింది అప్పుడే. పై నుంచి కింది వరకు అత్తయ్య చేతిరాతలో పెన్సిలు వరుసలు, మొత్తం 41. ప్రతి వరుసలో శ్రుతి చేయించిన తేదీ, ఒకటి రెండు మాటలు. "పై మెట్లు బాగున్నాయి." "వానాకాలం, కొంచెం పైకి పోయింది." చివరి ఏడు వరుసల్లో ఒకే మాట మళ్లీ మళ్లీ ఉంది: "ఎడమ పక్క ఆరు జంటలు నిలవడం లేదు." నేను రెండు దశలు, 12 గంటలు పెట్టి కనిపెట్టినది అక్కడ రాసి ఉంది. ఏడో జంట మాత్రం ఆమె రాయడం ఆపేశాక చేరినది. పాత పియానో తెరిస్తే ప్రతి పలక లోపలి వైపు, మొదటి మెట్టు పక్క చెక్క, పై మూత అడుగు చూడండి. శ్రుతి చేసినవారు అక్కడ రాసే అలవాటు ఉంది.

రెండు రోజుల తరువాత కొలిస్తే గుంపులోని 14లో 11 బిరడాల పట్టు 6.5 నుంచి 8 న్యూటన్ మీటర్లకు పెరిగింది. 3 మాత్రం కదలలేదు. వాటిని తీసి, పావు మిల్లీమీటరు మందం ఎక్కువైన బిరడాలు దిగగొట్టాను, పట్టు 9కి వచ్చింది. చెదిరి ఉన్న అయిదులో నాలుగు 6 దాటాయి, ఒకటి 4.5 దగ్గర ఆగింది. దానికి మళ్లీ బంక వేయలేదు. ఆ తరువాత మొత్తాన్ని 435కి మరోసారి శ్రుతి చేసి, చేతులు కట్టుకుని కూర్చున్నాను.

ఇప్పటివరకు: 42 గంటలు. బలహీన బిరడాలు: 19 నుంచి 1కి.

ఏడో దశ: ఆగిన ఆరు వారాల్లో యాక్షన్ పరిశీలన

ఈ దశలో బాగుచేయడం కాదు, ఎంత పని ఉందో అంచనా వేయడమే ఉద్దేశం. యాక్షన్‌ను, అంటే మెట్టు నొక్కితే హ్యామర్‌ను కదిలించే యంత్రాంగాన్ని, పైకి తీసేటప్పుడు ఇద్దరు ఉండాలి. నేను ఒంటరిగా తీయబోయి ఒక హ్యామర్ కాడ విరగ్గొట్టాను, బంకతో అతికి దారం చుట్టాను.

లెక్క: బద్ధకంగా వెనక్కి వచ్చే హ్యామర్లు 23, హ్యామర్‌ను వెనక్కి లాగే పట్టీల్లో తెగినవి లేదా పెళుసెక్కినవి 88కి 88, హ్యామర్ ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) మీద తీగల గాట్లు 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల లోతు. హ్యామర్ మొన నుంచి తీగకు దూరం 46 మిల్లీమీటర్లు ఉండవలసింది 51 ఉంది.

బద్ధకించిన వాటిలో ఒకదానికి తుప్పు వదిలించే నూనె కొట్టాను. ఆ సాయంత్రం బాగా కదిలింది, నాలుగో రోజుకు పూర్తిగా బిగుసుకుంది. హ్యామర్ తిరిగే ఇరుసు చుట్టూ ఉన్నది లోహం కాదు, గుడ్డ, నూనె పీల్చి ఉబ్బుతుంది. సరైన మందు నాలుగు పాళ్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఒక పాలు నీరు. నీటికి గుడ్డ ఉబ్బి ఇరుసుకు ఒత్తుకుంటుంది, ఆరాక ఆ ఒత్తిడితోనే కొంత వదులవుతుంది. ఒక్కో చుక్క వేసి రెండు రోజులు ఆగితే 23లో 17 బాగయ్యాయి, మిగిలిన వాటికి ఇరుసులు మార్చాలి.

తరువాత 8 మెట్లను ఎంచుకుని, వాటికి కావలసిన పనంతా చేసి, గడియారం పెట్టి చూశాను. పట్టీ మార్చడం, ఫెల్ట్ గీరి గుండ్రం చేయడం, దూరాలు సరిచేయడం కలిపి 200 నిమిషాలు పట్టింది, అంటే మెట్టుకు 25. మిగిలిన 80 మెట్లకు 2,000 నిమిషాలు, 33 గంటల 20 నిమిషాలు. ఇలాంటి నమూనా లేకుండా నేను మొదట వేసుకున్న అంచనా 12 గంటలు.

ఇప్పటివరకు: 50 గంటలు.

ఎనిమిదో దశ: చివరి కొలతలు

గదిలో తేమ 52 శాతం.

1. అతుకులో 0.10 రేకు 4 మిల్లీమీటర్లు, 0.15 దూరలేదు. రంగు గీత గుర్తుల మధ్యే ఉంది.
2. 5 న్యూటన్ మీటర్ల లోపు పట్టున్న బిరడాలు 1, హద్దు 11.
3. మధ్య స్థాయి 2 నుంచి 4 సెంట్లు దిగింది, హద్దు 8. షరతులో లేని తార స్థాయిలో గరిష్ఠంగా 7, చికిత్స చేసిన 14 మంద్ర తీగల్లో 3 నుంచి 6.
4. మిగిలిన పని 33 గంటల 20 నిమిషాలు, ఇరుసుల మార్పుకు 3 గంటలు కలిపితే 36 గంటల 20 నిమిషాలు, హద్దు 40.

నాలుగూ నెగ్గాయి కనుక పియానో ఉంటుంది. రెండో షరతు ఓడి ఉంటే పిన్‌బ్లాక్ మార్చాలి, దానికి తీగలన్నీ, ఫ్రేమూ బయటికి రావాలి, అది ఈ స్థాయి వాద్యానికి తగిన పని కాదు. అప్పుడు విప్పేసేవాణ్ణి, అక్కకూ ముందే ఆ మాట చెప్పి ఉంచాను.

మొత్తం: 53 గంటలు. సౌండ్‌బోర్డులో దొరికిన పెన్సిలు ముక్కను చెక్కి, కింది పలక లోపల 41వ వరుస కింద రాసి, పలక బిగించాను: "435. తేమ 52. ఎడమ పక్క ఏడు జంటలు నిలిచాయి. కుడి పక్క ఒక బిరడా చూడాలి."